కుట్టుమిషను ఆపి నాలుగు బైబిలు వచనాలు చదువుకోవడం, ఆదివారం నిజంగా ఊరుకోవడం ఎట్టా

డిసెంబర్ వచ్చిందంటే మా షాపులో జాకెట్లు కవర్లలో కాదు, మూటల్లో ఉంటాయి. కావలిలో చిన్న షాపు నాది, రెండు కుట్టుమిషన్లు, ఒక పీకో మిషను, నేను, నాకు సాయంగా ఒక పిల్ల. ఆ నెలంతా ఊళ్ళో సగంమంది ఆడోళ్ళకి మేమే కుడుతున్నామా అనిపిస్తది, మరి క్రిస్మస్ పండగ ఎవరిదో ఆయన మాట ఒక్క వచనం చదవడానికి టైము దొరకంది కూడా ఆ నెల్లోనే. ఇరవై ఏళ్ళ నుంచి ఇదే తంతు. బైబిలు మిషను పక్కన అరలోనే ఉంటది, దాని మీద సుద్దముక్కలు, టేపు, హుక్కుల డబ్బా. ఒకసారి ఎవరిదో జాకెట్టు చెయ్యి ముక్క కనపడక షాపంతా వెతికితే చివరికి బైబిలు కింద దొరికింది, అంటే దాన్ని ఎన్నాళ్ళు ఎత్తలేదో మీరే చూడండి.

కాబట్టి ఇది ప్రసంగం కాదు, చర్చిలో స్త్రీల సమాజం మీటింగులో సాక్ష్యం, అంటే దేవుడి గురించి నా అనుభవం, చెప్పమంటేనే నాకు కాళ్ళు వణుకుతాయి. పనిలో పడి కొట్టుకునే మనిషి ఎట్టా చదువుకోవాలి, ఎట్టా ఆగాలి, రాత్రిపూట ఆ రోజుని ఎట్టా తిరగేసి చూసుకోవాలి, తప్పులు చేసి చేసి చివరికి నాకు కుదిరిన పద్ధతి చెప్తుండా. మీది బాప్టిస్టు సంఘమైనా పెంతెకొస్తైనా ఆర్‌సీఎం, అంటే రోమన్ కేథలిక్ అయినా దీంట్లో తేడా ఏం రాదు.

ముందు చేయాల్సింది ఏందంటే, డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో ఆవేశంగా ఒక తీర్మానం తీసుకుంటాం కదా, ఈ ఏడాది బైబిలు మొత్తం చదివేస్తా అని, దాన్ని పక్కన పెట్టేయండి. చదవొద్దని కాదు, లెక్క చూడండి. మన బైబిల్లో 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు, ఆర్‌సీఎం వాళ్ళకైతే 73 పుస్తకాలు, 365 రోజులకి పంచితే రోజుకి మూడు అధ్యాయాల పైమాటే. ఆదికాండం 50 అధ్యాయాలు, కథలు కాబట్టి గబగబా పోద్ది, యోసేపు దగ్గర ఏడుస్తాం కూడా. నిర్గమకాండం 40, సగం దాకా బాగానే ఉంటది, ఆ తర్వాత దేవుడికి వేసే గుడారం కొలతలు మొదలవుతాయి. నాకు మాత్రం అవి ఇష్టం, పది తెరలు, ఒక్కోటి 28 మూరల పొడవు 4 మూరల వెడల్పు, యాభై కొలుకులు యాభై బంగారు గుండీలు, ఇది టైలరు రాసిన అధ్యాయమే అనుకున్నా చదివినప్పుడు. అందరూ టైలర్లు కాదు కదా. సరిగ్గా జనవరి ఆఖరుకి లేవీయకాండం గుమ్మంలో నిలబడతాం, దహనబలులు, కుష్ఠు మచ్చలు, గోడలకి పట్టిన చెదలు లాంటి మరకలు. ఆడ ఆగిపోయినోళ్ళు ఎవరో చేతులెత్తండి అంటే మొదటి చెయ్యి నాదే. ఆగిపోయినాక రెండ్రోజుల బాకీ ఆరు అధ్యాయాలు, వారం బాకీ ఇరవై పైన, వారం వడ్డీకి తెచ్చిన అప్పు మాదిరి పెరిగి, అప్పిచ్చినోడు ఎదురొస్తే సందులోకి తిరిగినట్టు బైబిలు కనపడితే మొహం తిప్పుకుంటాం. దేవుడు మనకి అప్పిచ్చినోడు కాదు గదా.

అందుకని రోజుకి పది, పదిహేను వచనాలు, అంతే. మార్కు సువార్తతో మొదలుపెట్టండి. యేసు ప్రభువు జీవితం చెప్పే నాలుగు సువార్తల్లో అదే చిన్నది, 16 అధ్యాయాలు, రోజుకి సగం అధ్యాయం చొప్పున చదివినా నెలా నెలన్నరలో అయిపోద్ది. పనోళ్ళకి మార్కు సరిపోవడానికి ఇంకో కారణం ఉంది, అందులో "వెంటనే" అనే మాట మాటిమాటికీ వస్తది, ప్రభువు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి, ఒక రోగి నుంచి ఇంకో రోగికి ఊపిరాడకుండా తిరుగుతుంటాడు, చదువుతుంటే ఈయనకీ డిసెంబరే అనిపిస్తది. అయిపోయాక లూకా తీసుకోండి, లేదా ఫిలిప్పీ పత్రిక, అంటే పౌలు రాసిన ఉత్తరం, నాలుగే అధ్యాయాలు. మధ్యలో ఏ రోజైనా మనసు బాగోకపోతే ఆ రోజుకి సువార్త ఆపి ఒక కీర్తన చదువుకోండి, 150 ఉన్నాయి, కోపానికి ఉంది, ఏడుపుకి ఉంది. బైబిల్లో సామెతల పుస్తకం 31 అధ్యాయాలు కాబట్టి తారీఖుని బట్టి ఒకటి చదివే అలవాటు చాలామందికి ఉంది, మంచిదే, నాకైతే కుదర్లేదు.

టైము సంగతి. అందరూ తెల్లారుజామున నాలుగింటికి లేవమంటారు. లేవగలిగినోళ్ళు లేవండి, నేను లేవలేను, రాత్రి పదకొండు దాకా కాజాలు కుట్టి నాలుగింటికి లేచి బైబిలు ముందు కూర్చుంటే రెండో వచనానికే తల దాని మీద వాలిపోద్ది, ఆ మాట దేవుడికీ తెలుసు. పొద్దన్నే మున్సిపాలిటీ నీళ్ళు పట్టుకోవాలి, పిల్లల బాక్సులు, అత్తకి బీపీ మాత్ర. ఇవన్నీ అయ్యాక చదువుదాం అనుకుంటే షాపు టైము అవుద్ది. అందుకని నేను పట్టుకున్న టైము ఏందంటే, షాపు షట్టరు సగమే ఎత్తుతా. లోపల ఊడ్చుకుని, ఫ్యానేసి, కటింగ్ టేబుల్ మీద ఏం లేకుండా తీసేసి పదిహేను నిమిషాలు కూర్చుంటా, ఆ తర్వాతే మిగతా సగం ఎత్తేది. మొదట్లో కస్టమర్లు వంగి తొంగి చూసి "అక్కా ఉండావా" అని కేకలేసేవాళ్ళు, ఇప్పుడు అలవాటైంది, బయట బల్ల మీద కూర్చుంటారు. మీకూ ఇట్టాంటి సగం షట్టరు ఒకటి వెతుక్కోండి. బస్సులో కిటికీ సీటో, పిల్లల్ని స్కూల్లో దించి తిరిగొచ్చేటప్పుడు చెట్టు కిందో, ఏదైనా పర్లేదు, రోజూ ఒకటే చోటైతే చాలు, ఆ చోటే మిమ్మల్ని పిలుస్తది.

ఫోను మాత్రం దూరంగా పెట్టండి, ఫోన్లో బైబిలు ఉంది కదా అంటారా, ఉంది, దాని పైనే వాట్సాప్ కూడా ఉంది. స్టేటస్‌లో పూలబొమ్మ మీద వాక్యం పెట్టడం చదవడం కిందికి రాదు, నేను ఏడాది పాటు రోజూ పెట్టా, ఒక్కటన్నా గుర్తుందా అంటే లేదు. కానీ మా ఆయన సంగతి వేరు. ఆయన అల్లూరు వైపు రొయ్యల గుంటల దగ్గర నైట్ డ్యూటీ, పుస్తకం తెరిచి చదివే వెలుతురు ఉండదు, అందుకని ఫోన్లో ఆడియో బైబిలు వింటాడు, అది కూడా ఒక చెవికే పెట్టుకుని. రెండో చెవి ఏరేటర్లకి. అవి ఆగిపోతే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి రొయ్య తేలిపోద్ది, కాబట్టి ఆ చప్పుడు ఆగిందా లేదా అని చెవి అక్కడే ఉంటది. ఒక చెవితో దేవుడి మాట వింటే సరిపోద్దా అని అడిగాడు ఒకరోజు. మిషను తొక్కుతూ నేను మాట్లాడినా ఆ చప్పుడులోనే మీరు వింటారు గదా అన్నా.

ఇక చదివే విధానం, దీని దగ్గర కాసేపు ఆగుతా. నోటితో పైకి చదవండి. మన తెలుగు బైబిలు భాష పాత గ్రాంథికం, కళ్ళతో చదివితే జారిపోద్ది, పైకి చదివితేనే నోటికి తగులుద్ది. తెలియని మాట వస్తే దాటేసి పోకండి, వాడుక భాషలో వచ్చిన అనువాదాలు కూడా ఉన్నాయి, పక్కన పెట్టుకోండి, తప్పేం లేదు. లేదంటే మనుషుల్ని అడగండి. నాకు జరిగింది చెప్తా.

మార్కు 4లో తుఫాను కథ అందరికీ తెలిసిందే, యేసు ప్రభువు శిష్యులతో పడవలో పోతుంటే తుఫాను వస్తది. అందులో 38వ వచనం, "ఆయన దోనె అమరమున తలగడమీద తల వాల్చుకొని నిద్రించుచుండెను" అని ఉంటది. ఎన్ని వందలసార్లు విన్నానో, అమరము అంటే ఏందో నాకు తెలియదు, ఏదో పెద్ద మాటలే అని వదిలేశా. ఆ రోజు సగం షట్టరు కింద నేను పైకి చదువుతుంటే తుమ్మలపెంట నుంచి ఒకామె జాకెట్టు కోసం వచ్చి బయట కూర్చుంది, వాళ్ళది సముద్రంలో చేపలు పట్టే పట్టపోళ్ళ ఇల్లు, చర్చికి వచ్చే మనిషి కూడా కాదు. లోపలికొచ్చి "ఏందక్కా అమరం అంటుండావు, పడవ కొన్నావా" అంది నవ్వుతా. అమరం అంటే ఏంది అని అడిగితే పడవకి వెనక భాగం, తెడ్డు పట్టుకునేది ఆడే, ముందు భాగాన్ని అణియం అంటారు, అని చేత్తో గాల్లో పడవ గీసి చూపించింది. ఎవరు పడుకున్నారు ఆడ అని అడిగింది. చెప్పా. ఆమె కాసేపు ఆలోచించి, "అలలొచ్చేటప్పుడు అమరంలో పడుకున్నాడంటే బాగా అలిసిపోయుంటాడక్కా, మామూలుగా అయితే నిద్ర పట్టదు ఆడ" అంది.

నేను ఆ కథని ఎప్పుడూ అద్భుతం కథగానే విన్నా, గాలి ఆగిపోయింది, సముద్రం నిమ్మళించింది, అని. అలిసిపోయి పడుకున్న మనిషి కథగా వినలేదు. ఆ రోజంతా నాకు అదే. కాబట్టి చదివేటప్పుడు ఒక్క మాట దగ్గర ఆగండి, ఎవరు యాడ ఉన్నారు, చేతిలో ఏముంది, ఏ పూట, ఎండా చీకటా, ఇవి చూడండి. దీని అర్థం నాకు ఏంది అని వెంటనే దూకొద్దు, జాకెట్టు కొలత తీసుకోకుండా గుడ్డ కత్తిరించినట్టు అవుద్ది.

చదివిన దాంట్లో నుంచి ఒక్క ముక్క తీసుకుని రోజంతా దగ్గర పెట్టుకోండి. నేను సుద్దతో కటింగ్ టేబుల్ మూల రాస్తా, నాలుగైదు మాటలు, అంతకంటే వద్దు. "కొంచెము సేపు అలసట తీర్చుకొనుడి" అని ఒకరోజు, "ఊరకుండుడి" అని ఇంకోరోజు. గుడ్డలు అటూ ఇటూ లాగేసరికి సాయంత్రానికి చెరిగిపోద్ది, అదీ మంచిదే, రేపటికి చోటు. మొదటి కీర్తనలో దివారాత్రము ధ్యానించువాడు ధన్యుడు అని ఉంది కదా, ధ్యానం అంటే కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చోవడం అనుకునేదాన్ని, అట్టా కూర్చుంటే నా షాపు సాగదు. ఆ మాటకి మూల భాష హెబ్రీలో ఉన్నది హగా అనే పదం, గొణుక్కోవడం, లోలోపల పలుక్కోవడం లాంటిది, యెషయా 38లో హిజ్కియా రాజు గువ్వవలె మూల్గితిని అంటాడే, అక్కడా అదే పదం, 31వ అధ్యాయంలో సింహం వేట మీద గుర్రుమనేదానికీ అదే పదం. అంటే నోరు కదలాలన్నమాట. పాదంతో మిషను తొక్కుతా గొణుక్కోవచ్చు, కూర తిరగేస్తా గొణుక్కోవచ్చు. మా అవ్వ పొగాకు బ్యారన్ దగ్గర ఆకు కట్టేటప్పుడు ఇట్టాగే గొణుగుతా ఉండేది, చదువు రాదు ఆమెకి, ఒక్క అక్షరం రాదు, ఇరవైమూడో కీర్తన మొత్తం ఆకుల లెక్క తప్పకుండా చెప్పేది. నాకు అక్షరాలొచ్చి అది రాలేదు.

ఏం అనిపించని రోజులు వస్తాయి, వారాలు కూడా వస్తాయి. అప్పుడు ఎక్కువ చదవకండి, తక్కువ చదవండి. మా అమ్మ పోయినప్పుడు నాకు ప్రార్థన రాలేదు, అందరూ వచ్చి ఓదార్పు వాక్యాలు చెప్తుంటే కోపం వచ్చేది. 88వ కీర్తన చూడండి, చాలా కీర్తనలు ఏడుపుతో మొదలైనా చివరికి స్తుతిలోకి వస్తాయి, ఇది రాదు, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోద్ది. ఇట్టాంటిది కూడా బైబిల్లో పెట్టారే అని నాకు కొంచెం ఊపిరి తిరిగింది. రెండు నెలలు రోజూ అదొక్కటే చదివా.

రాత్రి పద్ధతి చిన్నది. పడుకునే ముందు ఐదు నిమిషాలు, రోజుని వెనక నుంచి ముందుకి తిరగేయండి, మాపటి అన్నం దగ్గర మొదలుపెట్టి పొద్దన్నే లేచిన దాకా. మూడే అడుక్కోండి, ఇయ్యాల దేనికి థాంక్స్ చెప్పాలి, ఎవరి మీద నోరు పారేసుకున్నా, రేపు ఎవరికి ఏం సరిచేయాలి. నాలుగో కీర్తనలో పడకలమీద నుండగా మీ హృదయములలో ధ్యానము చేసికొని ఊరకుండుడి అని ఉంది, అంతే ఇది. రాసుకుంటే ఇంకా మంచిది, దానికి ఖరీదైన డైరీ ఏం అక్కర్లేదు, నేను కస్టమర్ల కొలతల పుస్తకానికి వెనక నుంచి రాస్తా. ముందు నుంచి ఛాతీ 36 నడుం 32 చెయ్యి 10, వెనక నుంచి "ఇయ్యాల అత్తని విసుక్కున్నా, మాత్ర రెండోసారి అడిగినందుకు". రెండు వైపుల నుంచీ వచ్చి మధ్యలో కలిసినప్పుడు పుస్తకం మారుస్తా. ఒక హెచ్చరిక, కొందరికి ఈ లెక్క చూసుకోవడం తమని తాము తిట్టుకోవడంగా మారిపోద్ది, నాకూ అయింది, అందుకే థాంక్స్ ముందు పెట్టింది. తప్పు ఒక్కటి రాస్తే చాలు, పదకొండు రాయక్కర్లేదు, నిద్ర పోవాలి గదా.

ఇప్పుడు ఆదివారం. అసలు నేను రాయడం మొదలుపెట్టింది దీని కోసమే.

రెండేళ్ళ కింద డిసెంబర్లో ఒక ఆదివారం. జాకెట్లు తేలడం లేదు. నేను తెల్లచీర కట్టుకుని బైబిలు చంకన పెట్టుకుని ఆరాధనకి పోతా పోతా మా షాపులో పిల్లని పిలిచి ఓ ముప్పై జాకెట్లకి హుక్కులు కుట్టమని చెప్పి పోయా. వాళ్ళది మన సంఘం కాదు, ఆ పిల్లకి ఆదివారం ఏముంది అనుకున్నా, అట్టాగే అనుకున్నా నిజం చెప్తుండా. ఆరాధన, రొట్టె ద్రాక్షారసం, తర్వాత స్త్రీల సమాజం మీటింగు, క్రిస్మస్ ట్రీ పనులు, తిరిగొచ్చేసరికి రెండున్నర అయింది. ఆ పిల్ల కటింగ్ టేబుల్ మీద తల పెట్టి నిద్రపోయింది, వేలికి సూది అట్టాగే ఉంది, దారం ఊడలేదు. పద్దెనిమిది జాకెట్లు అయ్యాయి. పక్కనే నేను పొద్దన్నే సుద్దతో రాసిన ముక్క, సగం చెరిగింది, "నేను మీకు విశ్రాంతి కలుగజేతును".

ఆ పిల్లని లేపలేదు. ఆ రాత్రి పది ఆజ్ఞలు మళ్ళీ చదివా, నిర్గమకాండం 20లో కాదు, ద్వితీయోపదేశకాండం 5లో. రెండు చోట్లా విశ్రాంతిదినం ఆజ్ఞ ఉంది గానీ కారణాలు వేరు. నిర్గమలో దేవుడు ఆరు రోజుల్లో సృష్టి చేసి ఏడో రోజు విశ్రమించాడు కాబట్టి అని ఉంటది. ద్వితీయోపదేశంలో నువ్వు ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, దాసుడివిగా ఉన్నావు గుర్తుందా, అందుకని, అంటది. నీ ఎద్దు, నీ గాడిద, నీ ఇంట్లో ఉన్న పరదేశి, ఎవరూ పని చేయకూడదు, నీ దాసుడు, నీ దాసి కూడా "నీవలె" విశ్రమించాలి అని. నీవలె. ఆ మాట నాకు ముల్లు మాదిరి గుచ్చుకుంది.

ఇంకోటి కూడా. మన ఒంగోలు, నెల్లూరు వైపు సంఘాల చరిత్ర తెలిసినోళ్ళకి ఇది కొత్తేం కాదు. 1866లో అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఒంగోల్లో కాపురం పెట్టాక, తాళ్ళకొండపాడు యర్రగుంట్ల పేరయ్య లాంటివాళ్ళ వల్ల మాదిగపల్లెల్లో నుంచి జనం రావడం మొదలైంది. వాళ్ళకి ముఖ్యంగా చెప్పిన నియమాలు మూడు, ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. ఇప్పుడు మనకి మొదటిది చిన్న విషయంలా కనపడద్ది. వాళ్ళు ఊరి రైతుల దగ్గర వెట్టికి కట్టుబడి ఉన్నోళ్ళు, చెప్పులు, కపిలకి తోలు, పొలం పని, రమ్మంటే రావాల్సిందే. ఆదివారం రాను అంటే పెత్తందార్లు ఊరుకుంటారా, ఆ మాటకి వాళ్ళు పడ్డ బాధలు ఇన్నీ అన్నీ కావు. వెట్టి చేసే మనిషి వారంలో ఒక పూట నాది అని నిలబడ్డాడంటే అది సామాన్యమా. వాళ్ళు అంత ఖరీదు పెట్టి కొన్న రోజుని నేను ముప్పై జాకెట్ల హుక్కులకి అమ్మేశా, అదీ నా వంతు కాదు, ఇంకో పిల్ల వంతు.

కాబట్టి ఆదివారం ఆగాలంటే పని శనివారం కాదు, నెల ముందు మొదలవుద్ది. నేను చేసేది చెప్తా. డిసెంబర్ 1 నుంచి 23 దాకా ఆదివారాలు మూడు తీసేస్తే ఇరవై రోజులు, మేమిద్దరం కలిసి రోజుకి ఎనిమిది లైనింగ్ జాకెట్లు తేల్చగలం, అంటే 160. ఆ లెక్క గోడకి రాసిపెట్టుకున్నా. 161వ జాకెట్టు తెచ్చినామెకి వద్దని చెప్పాలి. ఇది ఉపవాస ప్రార్థన కన్నా కష్టం, ఒట్టు, ఎందుకంటే ఆమె మన సంఘమే అయుంటది, "ఒక్కటే గదా అక్కా" అంటది, డబ్బులు కూడా చేతిలోనే ఉంటాయి. పోయినేడు ఆరుగురికి వద్దన్నా, ఇద్దరు ఇంక తిరిగి రాలేదు, ఒకామె చర్చిలో ఎదురైనా పలకరించదు. మీ పని ఏదైనా సరే, ఆఫీసైనా కూలైనా, మీ చేతిలో ఉన్నంత వరకు 161 ఎక్కడో గీత గీసుకోండి. ఆసుపత్రిలో నర్సులు, మా ఆయన లాంటి గుంటల కాపలా వాళ్ళు, ఆదివారం తప్పనిసరైనోళ్ళు వేరే రోజు పెట్టుకోండి, రోజు పేరు కన్నా ఆగడం ముఖ్యం అని నేననుకుంటా, మీ పాస్టరు అయ్యగారు వేరేగా చెప్తే ఆయన్నే వినండి.

ఇక ఇంట్లో. మగోళ్ళు కొంచెం ఇది చదవండి. చర్చి నుంచి రాగానే ఆయన ఫ్యాను కింద, పిల్లలు ఫోన్లో, ఆమె చీర కూడా మార్చకుండా చికెన్ కడుగుతుంటది, ఇది విశ్రాంతిదినమా. మా ఇంట్లో చేసిన మార్పు, శనివారం రాత్రే చేపల పులుసు పెట్టేయడం. నెల్లూరోళ్ళకి చెప్పాలా, బొమ్మిడాయిలైనా కొర్రమీనైనా మామిడికాయ ముక్కలేసి పులుసు పెడితే ఆ రోజు కన్నా తెల్లారి బాగుంటది, ముక్కకి పులుసు పడద్ది. ఆదివారం కుక్కర్లో అన్నం ఒకటే, అది మా ఆయన పెడతాడు, నీళ్ళు ఎక్కువ పోసి మెత్తగా చేస్తాడు, ఎవరూ ఏమీ అనరు. గిన్నెలు నానబెట్టి వదిలేస్తాం, సోమవారం దాకా. మొదటి వారం ఆ గిన్నెలు చూసి నాకు నిద్ర పట్టలేదు, మా అత్త అయితే రెండుసార్లు లేచి వెళ్ళింది తోమడానికి, పట్టుకొచ్చి కూర్చోబెట్టాం. ఇప్పుడు ఆమే చెప్తుంది "ఉండనీయే, రేపు పొద్దు లేదా ఏంది".

మధ్యాహ్నం నిద్రపోండి. ఆదివారం నిద్ర సోమరితనం కాదు. ఏలీయా ప్రవక్త కథ చూడండి, 1 రాజులు 19, బదరీచెట్టు కింద కూలబడి ఇంక నా ప్రాణం తీసుకో అన్నోడికి దేవుడు ముందు ప్రసంగం చెప్పలేదు, నిద్రపోనిచ్చాడు, దూత వచ్చి లేచి తిను అంది, తిన్నాడు, మళ్ళీ పడుకున్నాడు, మళ్ళీ లేపి తినిపించింది. మాట్లాడ్డం ఆ తర్వాతే. ఇక్కడే ఇంకోటి, షుగరున్నోళ్ళు, మాత్రలు వేసుకునేవాళ్ళు శుక్రవారం ఉపవాసాలు డాక్టర్ని అడగకుండా చేయొద్దు, మా సంఘంలో ఒకామె ప్రార్థన మధ్యలోనే కళ్ళు తిరిగి పడిపోయింది.

అనుకున్నట్టు జరగదు, అదీ చెప్పాలి. మార్కు 6లో భోజనానికి కూడా తీరిక లేని శిష్యుల్ని ప్రభువు ఏకాంతంగా రండి అని పిలిచి దోనె ఎక్కిస్తే, జనం కాలినడకన వాళ్ళకంటే ముందే పోయి అక్కడ నిలబడి ఉంటారు. మా ఇంటికీ ఆదివారం మూడింటికి చుట్టాలు దిగుతారు. ప్రభువు ఆ జనాన్ని విసుక్కోలేదు, జాలిపడ్డాడు, కానీ సాయంత్రం అందర్నీ పంపించేసి కొండెక్కి ఒక్కడే ప్రార్థన చేసుకున్నాడు, ఆ భాగం మనం చదవం. మీరూ చుట్టాలకి టీ ఇవ్వండి, పంపించండి, తర్వాత మేడ ఎక్కండి. ఇంకో సంగతి, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మనోళ్ళు గర్వంగా చెప్పుకుంటారు కదా, ఆ రోజు నీళ్ళలో దిగిన బోధకులు ఆరుగురు, ఒకేసారి దిగింది మాత్రం ఇద్దరిద్దరే, వాళ్ళు అలిసిపోతే పైకొచ్చి ఇంకో ఇద్దరు దిగారు. అంత పెద్ద రోజున కూడా వంతులేసుకున్నారు. మీ ఇంట్లో ప్రార్థన నడిపించేది, సండే స్కూల్ చెప్పేది, చర్చి ఊడ్చేది ఒక్కరే అయితే ఈ ఆదివారం పోయి ఈ వారం నేను దిగుతా అని చెప్పండి.

మధ్యలో రోజులు తప్పిపోతే పూడ్చకండి. నాలుగు రోజులు చదవకపోతే నాలుగు రోజులవి కలిపి చదవొద్దు, ఇయ్యాల్టిది చదవండి, పోయినవి పోయాయి. నేను మొన్న జనవరిలో మొదలుపెట్టిన మార్కు మధ్యలో జ్వరం, పెళ్ళిళ్ళ సీజను, మేనకోడలి ఓణీల ఫంక్షన్ అన్నీ దాటుకుని ఇప్పటికి పదో అధ్యాయంలో ఉంది, ప్రభువు పిలిస్తే గుడ్డి బర్తిమయి పైబట్ట పారేసి లేచాడు, ఆ బట్ట ఏ గుడ్డయి ఉంటదా అని మూడు రోజుల నుంచి అక్కడే ఆగిపోయుండా.